రెండు బుట్టల రసాలు, ఒక హెరాల్డు కారు

పాత సినిమాల్లో హీరోగారు కారు నడపడం చూశారా? స్టీరింగుని అటూ యిటూ వందసార్లు తిప్పుతాడు. వెనకాల రోడ్డు మాత్రం గీత గీసినట్టు తిన్నగా వుంటుంది! పక్కన హీరోయిన్ జుట్టు ఎగురుతుంది. హీరోగారి క్రాపు మాత్రం చెదరదు.

ఆ రహస్యం నేను కుర్రతనంలో మద్రాసు వెళ్లినప్పుడు స్టూడియో ఫ్లోరులో కళ్లారా చూశాను. కారు కదలదు. దాని వెనక తెర మీద ముందే తీసి వుంచుకున్న రోడ్డు బొమ్మ పడుతూ వుంటుంది. బ్యాక్ ప్రొజెక్షన్ అంటారు దాన్ని. కారు బంపరు కింద ఓ దుంగ దూర్చి యిద్దరు లైట్ బాయిలు సిద్ధంగా వుంటారు. గతుకు అన్నప్పుడు ఓ కుదుపు, మలుపు అన్నప్పుడు ఓ పక్కకి ఒరగదీయడం. అంతే సంగతి!

లైట్ బాయిలు లేకుండానే ఒరిగే కారు ఒకటి మా యింట్లో వుంది. యీ వారం దాని కథే చెబుతాను. సినిమా కాలంలో కారు గోల యేమిటని విసుక్కోకండి. సినిమా కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

మాది నూజివీడు. మామిడికీ, వీణలకీ పేరుపడ్డ వూరు. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. జిల్లా మారింది గానీ రసాల రుచి మారలేదు లెండి. మా నాన్నగారు 1966లో ఓ స్టాండర్డ్ హెరాల్డు కారు కొన్నారు. తోట మీద వచ్చిన డబ్బు కారు మీద పెట్టాడని బంధువులంతా బుగ్గలు నొక్కుకున్నారట.

హెరాల్డు అంటే యీ తరం వాళ్లకి తెలియకపోవచ్చు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు అది. రూపం దిద్దింది ఇటలీకి చెందిన జియోవన్నీ మికెలాటి. దాన్నే మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వాళ్లు తయారుచేసేవారు. 948 సి.సి. ఇంజను. బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, మొసలి నోరులా ముందుకి తెరుచుకుంటుంది. 25 అడుగుల్లో గుండ్రంగా తిరిగేస్తుంది. సందులో పెట్టినా బయటికి రాగల కారు! దీని ఛాసిస్‌నే కురచ చేసి, దాని మీద యిద్దరు కూర్చునే బాడీ వేసి, 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అంటే మా యింటి హెరాల్డు ఓ స్పోర్ట్స్ కారుకి సాక్షాత్తూ అక్కగారు.

నాన్నగారికి ఓ చాదస్తం వుండేది. బెజవాడ వెళ్లేటప్పుడు డిక్కీలో రెండు బుట్టల మామిడిపళ్లు తప్పనిసరిగా వెయ్యాలి. అది బంధుప్రీతి అనుకునేవాళ్లం. వచ్చేటప్పుడు ఓ తవుడు బస్తా వేసుకొచ్చేవారు. అది పిసినారితనం అనుకునేవాళ్లం. నూజివీడులో తవుడు దొరకదా? బెజవాడ నుంచి కారులో తేవాలా? స్నేహితుల ముందు నాకు తలవంపుగా వుండేది. హీరోయిన్ ఎక్కాల్సిన కారులో తవుడు బస్తానా!

1975 మే నెలలో ఓ శనివారం. నాన్నగారు వూళ్లో లేరు. నేనూ, నా ప్రాణస్నేహితుడూ కారేసుకుని బెజవాడ వెళ్లాం. రసాల బుట్టలు మేనత్తగారింట్లో దింపాం. ఫస్ట్ షో సినిమా చూశాం. తవుడు సంగతి నాకు గుర్తు రాలేదనను. గుర్తొచ్చింది. నవ్వుకున్నాం. ఖాళీ డిక్కీతో బయలుదేరాం.

ఆగిరిపల్లి దాటాక ఓ మలుపు. రెండు పక్కలా మామిడి తోటలు. తెర మీద చూసిన హీరో యింకా నాలోనే వున్నాడు. ముల్లు అరవై దాటివుంది. మలుపులోకి దిగాక భయం వేసింది. ఆక్సిలరేటరు మీంచి కాలు తీసేశాను. అంతే! ఎవరో వెనక నుంచి కారుని చంక కింద చెయ్యి వేసి ఎత్తినట్టయింది. వెనక భాగం గిర్రున ముందుకొచ్చింది. గట్టు ఎక్కి, ఓ మామిడి చెట్టుని ఆనుకుని ఆగాం. నాకు గీరుకోలేదు. నా స్నేహితుడి భుజం ఎముక విరిగింది. ఈనాటికీ అతను కుడి చెయ్యి చెవి దాటి పైకెత్తలేడు.

తప్పు నాదే. ఆ వేగం నాది, ఆ భయం నాది, ఆ కాలు నాది.

నాన్నగారు ఆస్పత్రికి వచ్చారు. స్నేహితుడి తల నిమిరారు. తర్వాత నా వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగారు.

"తవుడు బస్తా ఏదిరా?"

కొడుకు చావు తప్పి బయటపడితే యీయన తవుడు లెక్క అడుగుతున్నాడేమిటని నాకు ఒళ్లు మండిపోయింది. మూడు రోజులు మాట్లాడలేదు. ఆయనా వివరించలేదు. ఆ తరం తండ్రులు అంతే గదా. కారు బాగు చేయించారు. పనస చెట్టు కింద షెడ్డులో పెట్టారు. నేను మళ్లీ దాని స్టీరింగు ముట్టుకోలేదు.

యిప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అక్కయ్య మనవడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో వచ్చి షెడ్డు తలుపు తీశాడు. పిల్లవాడి కళ్లు మెరిశాయి.

"తాతయ్యా, యీ బండి నాకిచ్చెయ్. సస్పెన్షన్ అంతా మార్చేసి రేసు కారులా చేస్తాను. ముందు ఒక యాంటీ రోల్ బార్, వెనక ఒకటి. గట్టి స్ప్రింగులు. పెళ్లయ్యాక మేమిద్దరం యిందులోనే అరకు వెళ్తాం" అన్నాడు.

'మేమిద్దరం' అన్న మాట దగ్గర నా గుండె ఆగింది. పక్క సీట్లో కూర్చునేది ఆ పిల్ల. ఇవ్వనంటే వాడు యింకోచోట యింకో బండి కొంటాడు. ఇస్తానంటే ఆ మలుపు నాకు నిద్రపట్టనివ్వదు.

"ముందు మేస్త్రీని అడుగుదాం పద" అన్నాను.

మా మేస్త్రీకి డెబ్భై దాటాయి. హెరాల్డులు యీ ప్రాంతంలో తిరిగిన రోజుల నుంచీ వాటి కింద పడుకున్న మనిషి. మనవడు సెల్‌ఫోనులో బొమ్మలు చూపించి తన కోరిక చెప్పాడు. ఆయన అంతా విని, వెనక చక్రాన్ని జాకీతో పైకి లేపాడు.

"చూడండి బాబూ" అన్నాడు.

చక్రం గాల్లోకి లేవగానే దాని అడుగు భాగం లోపలికి ముడుచుకుంది. బండిని దింపి డిక్కీలో మమ్మల్నిద్దర్నీ కూర్చోమన్నాడు. చక్రాల అడుగులు బయటికి జరిగి, కబడ్డీ ఆటగాడు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు నిలబడ్డాయి.

"పెద్దయ్యగారు తవుడు బస్తా వేసేది అందుకేనండి. కాళ్లు ఎడంగా వుంటే పడదు. దగ్గరగా వుంటే పడుతుంది."

నలభై తొమ్మిదేళ్ల తర్వాత నాకు జవాబు దొరికింది. డిక్కీలో కూర్చునే విన్నాను. దిగడానికి కాసేపు పట్టింది.

విషయం యేమిటంటే, హెరాల్డుకి వెనక వున్నది స్వింగ్ యాక్సిల్. మధ్యలో గేరుపెట్టె ఛాసిస్‌కి బిగించి వుంటుంది. దాని నుంచి రెండు పక్కలకీ రెండు యిరుసులు, భుజం దగ్గర కీలున్న చేతుల్లా, పైకీ కిందికీ ఆడతాయి. పైన అడ్డంగా ఒకే కమాను. బండి వెనక భాగం పైకి లేస్తే చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. మలుపులో వేగంగా పోతూ కాలు తీసేస్తే బరువు ముందుకి పోతుంది, వెనక లేస్తుంది. బయటి వైపు చక్రం తన అంచు మీద నిలబడి బండిని యింకా పైకి ఎత్తుతుంది. పట్టు పోతుంది. నా స్నేహితుడి భుజం పోయింది అలాగే.

యిది ఒక్క హెరాల్డు జబ్బు కాదు. అమెరికాలో షెవ్రోలే కార్వెయిర్ అనే కారుకీ యిదే రకం యిరుసు. 1965లో రాల్ఫ్ నాదర్ దాని మీద పుస్తకంలో ఓ అధ్యాయమే రాసి దేశాన్ని కుదిపేశాడు. ఆ కంపెనీ అంతకు ముందే, 1964 మోడలుకి, ముందు భాగంలో యాంటీ రోల్ బార్ చేర్చింది. 1972లో అక్కడి ప్రభుత్వ రవాణా భద్రతా శాఖ పరీక్షలు చేసి, ఆ కారు తన యీడు కార్ల కంటే ప్రత్యేకించి ప్రమాదకరం కాదని తేల్చింది. ట్రయంఫ్ వాళ్లు 1970లో స్పిట్‌ఫైర్ కమానుని మార్చారు. పట్టీలన్నీ బిగించెయ్యకుండా కొన్నిటిని ఆడేలా వదిలి, దానికి సరిపోయేలా ముందు బార్ లావు పెంచారు. మన మద్రాసు వాళ్లు యింకా తేలిక దారి పట్టారు. 1972లో గెజెల్ అని కొత్త పేరు పెట్టి ఆ యిరుసే తీసేసి, మామూలు గట్టి యిరుసు వేశారు. 1977 దాకా ఆ బండి వచ్చింది. మన కొనుగోలుదార్లకీ, మన మేస్త్రీలకీ ఆ ఆడే యిరుసు నచ్చలేదు మరి!

సినిమా యేదీ అంటున్నారా? యిదిగో. 'ది లవ్ బగ్' అని 1968లో వచ్చిన డిస్నీ సినిమా గుర్తుందా? హెర్బీ అనే తెల్ల ఫోక్స్‌వాగన్, ఒంటి మీద 53 నంబరు, మనిషిలా అలుగుతుంది, పందాలు గెలుస్తుంది. ఆ హెర్బీకి కూడా వెనక స్వింగ్ యాక్సిలే! పందెంలో గెలిపించింది డైరెక్టరుగారు గానీ ఆ యిరుసు కాదు.

అదే ఏడు 'బుల్లిట్' వచ్చింది. స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో కొండ వీధుల్లో మస్టాంగ్ కారు ఎగరేస్తూ తరుముతాడు. దాదాపు పదకొండు నిమిషాల పరుగు. ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టింది. ఆ దృశ్యం చూసి ఎందరు కుర్రాళ్లు కార్లు గుద్దుకున్నారో గానీ, తెర వెనక సంగతి ఎంతమందికి తెలుసు? షోరూము నుంచి తెచ్చిన మస్టాంగ్‌ని అలాగే ఎగరేయలేదు. మాక్స్ బాల్చోస్కీ అనే రేసు కార్ల నిపుణుడు గట్టి స్ప్రింగులూ, గట్టి షాక్ అబ్జార్బర్లూ వేసి, బాడీకి ఆసరాలు బిగించాకే కెమెరా తిరిగింది. హీరో వెనక మేస్త్రీ వుంటాడని మనం మరిచిపోతాం. మేం సినిమా పత్రికల వాళ్లం కూడా!

ఇంతకీ యాంటీ రోల్ బార్ అంటే యేమిటి? 'ప' గుడిసెలా వంచిన ఉక్కు రాడ్డు. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే అది వూరికే తిరుగుతుంది, అడ్డం చెప్పదు. ఒకటి లేచి రెండోది దిగితే మాత్రం తడిబట్ట పిండినట్టు మెలిపడి, 'వద్దు' అంటుంది. బండి ఒరగడం తగ్గుతుంది.

దాని లావు విషయంలో మాత్రం ఆశ పనికిరాదు. బిగువు లావుతో పాటు పెరగదు. లావుకి నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల రాడ్డు తీసి 19 వేస్తే మూడు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. బిగువు దాదాపు రెండింతలు! మా వూరి వీణలు చేసేవాళ్లకి చెబితే ఆశ్చర్యపోరు. తీగ వెంట్రుకవాసి మారితే శ్రుతి యేమవుతుందో వాళ్లకి తెలుసు. మరీ గట్టి రాడ్డు వేస్తే, తోట దారిలో ఒక చక్రం గోతిలో పడితే రెండోది కూడా ఉలిక్కిపడుతుంది. బండి బాతు నడక నడుస్తుంది. రాడ్డు బిగించిన చోట ఛాసిస్ చీలినా చీలుతుంది.

"ముందు వెయ్యండి, వెనక మాత్రం వద్దు బాబూ" అన్నాడు మేస్త్రీ.

"రెండు పక్కలా వేస్తేనే గదా బ్యాలన్స్?" అన్నాడు మనవడు.

"మనిషికి రెండు కాళ్లకీ చెప్పులు కావాలి. కళ్లజోడు మాత్రం మొహానికే గదా!"

నవ్వొచ్చింది గానీ అందులో సైన్సు వుంది. మలుపులో బరువు లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి మారుతుంది. ఏ పక్క రాడ్డు గట్టిదైతే ఆ పక్క చక్రాలు ఆ మార్పులో ఎక్కువ వాటా మోస్తాయి. ముందు రాడ్డు గట్టిదైతే ముందు చక్రాలు మోస్తాయి, వెనకవాటికి శ్రమ తగ్గుతుంది. వెనక కూడా రాడ్డు వేస్తే, అసలే ముడుచుకునే చక్రం మీద యింకాస్త బరువు పడేసినట్టు. రోగికి బస్తా ఎత్తడమే!

పని మొదలయింది. మనవడు మొదట కొత్త రాడ్డు కొందామన్నాడు. మేస్త్రీ మొదట పాతవి విప్పాడు. ముందు చక్రాలు తిరిగే కింది కీలు, ట్రనియన్ అంటారు, హెరాల్డుకి ప్రాణస్థానం. మర ఉన్న కీలు అది. దానికి గ్రీజు కాదు, చిక్కటి గేరాయిలు పట్టాలి. ఎండిపోతే తుప్పు పట్టి ఓ రోజు విరిగి ముందు చక్రం పడుకుంటుంది. మాది ఎండిపోయే వుంది! దాన్ని అలా వదిలేసి పైన వేలు పోసి రాడ్డు వేసుకుని వుంటే యేమయ్యేదో ఆలోచించండి. పునాది బీటలుంటే గోడకి రంగు వేసినట్టు.

తర్వాత రబ్బరు బుష్షులన్నీ మార్చాడు. నాలుగు షాక్ అబ్జార్బర్లు మార్చాడు. ముందు భాగానికి కొంచెమే లావైన రాడ్డు వేసి, అది పట్టుకునే చోట రేకు దన్ను వెల్డింగు చేయించాడు. విదేశం నుంచి స్పిట్‌ఫైర్ కమాను తెప్పిస్తానన్నాడు మనవడు. "అది యిద్దరు కూర్చునే బండిది. మనది నలుగురూ, బుట్టలూ ఎక్కే బండి" అని మేస్త్రీ ఒప్పుకోలేదు. పాత కమానునే పట్టీలు కొట్టేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లి, వంపు కాస్త తగ్గించి తెచ్చాడు. బండి వెనక కొద్దిగా దిగింది. చక్రాల అడుగులు ఖాళీగా వున్నప్పుడే కాస్త ఎడంగా నిలబడ్డాయి. అంటే తవుడు బస్తా పనిని యిప్పుడు కమాను చేస్తుందన్న మాట.

దానికీ ఓ ఖరీదుంది. స్పీడు బ్రేకరు దగ్గర సైలెన్సరు గొట్టం రాసుకుంటుంది. నెమ్మదిగా, వాలుగా ఎక్కించాలి. టైర్లలో గాలి వెనక ఎక్కువ, ముందు తక్కువ వుండాలి. గాలి కొట్టే కుర్రాడు నాలుగింటికీ ఒకటే కొడతాడు, పక్కన నిలబడి చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, మేస్త్రీ మనవడి చేత మూడుసార్లు అనిపించిన మాట. వేగం మలుపుకి ముందే తగ్గించాలి. మలుపులో కాలు తియ్యకూడదు. యే రాడ్డూ యీ పాఠం నేర్వదు.

యిది యిప్పుడే ఎక్కువ అవసరం. నాన్నగారి రోజుల్లో గోతులే మనల్ని కాపాడేవి. నలభై మీద పోనిచ్చేవి కావు. యిప్పుడు రోడ్లు నున్నగా వున్నాయి. రోడ్డు మారింది గానీ యిరుసు 1959 నాటిదే.

ఓ ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాం. డిక్కీ ఖాళీ. మనవడు స్టీరింగు దగ్గర. ఆనాడు నా స్నేహితుడు కూర్చున్న సీట్లో నేను కూర్చున్నాను. ఆగిరిపల్లి మలుపు వచ్చింది. మనవడు ముందే వేగం తగ్గించాడు. గేరు మార్చాడు. మలుపంతా ఒకే తీరున కాలు వుంచి నడిపాడు. బండి కొద్దిగా ఒరిగింది. వెనక భాగం బుద్ధిగా మా వెంట వచ్చింది. సినిమాలో అయితే యిక్కడ వయొలిన్లు వెయ్యాలి. నాకు మాత్రం చేతిలో సీటు అంచు నలిగిన మచ్చ మిగిలింది.

ఆ చెట్టు లేదు. ఆ గట్టు కూడా లేదు. కానీ నేను చోటు గుర్తుపట్టాను.

యింటికొచ్చి నా స్నేహితుడికి ఫోను చేశాను. బండి సంగతంతా చెప్పాను. రాడ్డు లావూ, కమాను వంపూ, అన్నీ. అతను చివరిదాకా విన్నాడు.

"అయితే వచ్చే ఆదివారం నీ యింటికి అదే బండిలో వస్తాం. ఎక్కుతావా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వు వినిపించింది.

"డిక్కీలో యేముంటుంది?"

"రెండు బుట్టలు. చిన్న రసాలొకటి, పెద్ద రసాలొకటి."

"బండి కోసమా, నాకోసమా?"

"నీకోసమే."

"అయితే వచ్చేటప్పుడు యేం వేసుకెళ్తారు?" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆదివారం వెళ్లాం. పళ్లు దింపాం. ఎడమ చేత్తో డోరు తీసుకుని, పది నిమిషాలు మాతో తిరిగాడు. మేం బయలుదేరుతుంటే లోపల్నుంచి పనిమనిషి చేత ఓ బస్తా మోయించుకొచ్చి డిక్కీలో వేయించాడు.

తవుడు.